జీడి, దూలగొండి, కాంగ్రెస్ గడ్డి: ఒంటికి తగిలితే ముందు ఏం చేయాలి, ఏం రాయకూడదు

చేనులోనో గుట్ట మీదనో ఏదో తగిలి ఒళ్లు దద్దుర్లెక్కితే ఇంట్లో మొదట వచ్చే మాట “ఏం రాద్దాం?” అని. దానికంటే ముందు తేల్చుకోవలసింది ఏం తగిలిందో. జీడి (ఇక్కడ నల్లజీడి, జీడిపప్పు చెట్టు కాదు) సొన నూనె లాంటిది, సబ్బుతో తప్ప పోదు. దూలగొండిది నూగు, రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది. జిల్లేడు, జెముడువి పాలు, వాటితో అసలు ప్రమాదం కంటికి. కాంగ్రెస్ గడ్డి గాలిలో పొడిగా వచ్చి నెలల తరబడి సతాయిస్తుంది. ఒకదానికి పనికొచ్చే పని ఇంకోదానికి చేటు చేస్తుంది కాబట్టి ఒక్కోదాన్ని విడిగా చెప్తున్నాం.

జీడి, మామిడి సొన

నల్లజీడి చెట్టు ఉత్తర తెలంగాణ ఆకురాల్చే అడవుల్లో, గుట్టల్లో పెరుగుతుంది. ఆకులు పెద్దవి, కొస గుండ్రంగా, అడుగువైపు బూడిద తెలుపుగా ఉంటాయి. గింజ గుండె ఆకారంలో నల్లగా ఉండి, నారింజ రంగు గుజ్జు కింద వేలాడుతుంది. గింజ పెంకులో ఉండే చిక్కటి నూనె గాలి తగలగానే నల్లబడుతుంది. చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టింది దీనితోనే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశంలో ఉన్న అమెరికన్ సైనికులకు ఆ గుర్తు ఆనిన చోటల్లా పొక్కులు లేచాయని వైద్య పత్రికల్లో రాశారు. ఉతికిన బట్ట మీద ఎండిపోయిన గుర్తుకే అంత పవర్ ఉంటే, పచ్చి గింజ పగిలి చేతుల మీద చిందితే ఎట్లుంటుందో ఊహించుకోవచ్చు.

జీడి, మామిడి, జీడిమామిడి, అమెరికాలో పెరిగే పాయిజన్ ఐవీ, అన్నీ ఒకే కుటుంబం చెట్లు. నాలుగింటి సొనల్లోనూ రసాయనాలు దగ్గరి పోలికవే. అందుకే జీడి ఒకసారి పడనివాళ్లకు మామిడికాయ తొడిమె సొన, పచ్చి జీడిమామిడి పెంకు నూనె కూడా పడకపోవచ్చు. జగిత్యాల తోటల్లో కాయ కోసేవాళ్లకు, ఆవకాయ కోసం బుట్టల కొద్దీ కాయలు తుడిచి కోసే ఆడవాళ్లకు మూతి చుట్టూ, ముంజేతుల మీద లేచే పొక్కులు చాలావరకు దీనివల్లే. దాన్ని ‘వేడి చేసింది’ అని వదిలేస్తారు. పండు గుజ్జు పడని వాళ్లు తక్కువ, సమస్యంతా తొక్కలో, సొనలోనే. తొక్క వేరేవాళ్లు తీసి ఇస్తే అలాంటివాళ్లలో చాలామంది పండు తినగలరు. కాయ కోసేటప్పుడు కొంచెం తొడిమె ఉంచి కోసి, తర్వాత దాన్ని తుంచి కాయను తలకిందులుగా పెడితే సొన కిందికి కారిపోతుంది. ముఖం మీదికి చిందే ప్రమాదం తగ్గుతుంది.

సొన తగిలిన తర్వాత మీ చేతిలో ఉన్నది నిమిషాలే. పాయిజన్ ఐవీ నూనె విషయంలో వైద్యులు చెప్పే లెక్క ఇది: పది నిమిషాల్లో కడిగితే సుమారు సగం పోతుంది, అరగంట దాటితే పదోవంతు పోవడం కూడా కష్టం. జీడికీ అదే తొందర కావాలి. ఇంటికి వెళ్లి స్నానం చేద్దామనుకుంటే అప్పటికే ఆలస్యం అవుతుంది. అడవికి వెళ్లేవాళ్లు సంచిలో చిన్న సబ్బు ముక్క, లీటరున్నర నీళ్ల సీసా కడగడానికే విడిగా పెట్టుకోవాలి.

కడగడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ముందు కారుతున్న సొనను ఎండుటాకుతోనో కాగితంతోనో అద్ది తీసేయండి, పక్కకు పులమొద్దు. తర్వాత చల్లటి నీళ్లు ధారగా పోస్తూ సబ్బు రాయాలి. గిన్నెలు తోమే ద్రవ సబ్బు బాగా పనిచేస్తుంది, ఎందుకంటే జిడ్డును విడదీయడమే దాని పని. నురగ పెట్టి ఒక నిమిషం మెత్తటి గుడ్డతో ఒత్తి తుడిచి, నీళ్లు పోసి, మళ్లీ సబ్బు పెట్టాలి. ఇలా మూడుసార్లు. ఒక్కసారి సబ్బు పెట్టి చేత్తో రాసేస్తే సొన పోదు, పలచబడి మోచేతి దాకా పాకుతుంది. బకెట్లో చేయి ముంచి కడుక్కోవడం కూడా అంతే, నీళ్ల మీద తేలే నూనె తిరిగి చేతికే అంటుతుంది. పీచుతో, ఇటుక ముక్కతో గీకితే చర్మం పై పొర లేచి సొన లోపలికి పోతుంది. గోళ్ల సందులు మర్చిపోవద్దు. ముఖం మీద, తొడల మధ్య వచ్చే పొక్కులు చాలాసార్లు గోళ్లలో మిగిలిన సొనవే.

జీడి గింజ సొన చిక్కగా తగిలిన చోట నల్లటి మచ్చ పడి, చుట్టూ కాలినట్టు ఎర్రబడి నీటిపొక్కు లేస్తుంది. ఇది ఎవరికైనా జరగవచ్చు. దాన్నుంచి దూరంగా వచ్చే దురద దద్దురు మాత్రం అలర్జీ, ముందొకసారి తగిలి ఒంటికి ‘పరిచయం’ అయినవాళ్లకు వస్తుంది. అలాంటివాళ్లకు ఒకటి రెండు రోజుల్లో, మొదటిసారి తగిలినవాళ్లకు వారం నుంచి మూడు వారాల లోపు బయటపడుతుంది. అందుకే ‘నిన్న ఏం తగల్లేదే’ అని అయోమయపడతారు, పోయిన వారం కట్టెలు కొట్టిన సంగతి గుర్తుకు రాదు.

గొడ్డలి పిడి, కొడవలి, చెప్పులు, మోపు కట్టిన తాడు, వీటి మీద ఎండిన సొన నెలలు గడిచినా పనిచేస్తుంది. చేతొడుగులు వేసుకుని సబ్బు నీళ్లతో గాని, స్పిరిటు అద్దిన గుడ్డతో గాని రెండుసార్లు తుడవండి. ఆసుపత్రుల్లో వాడే పలచటి రబ్బరు తొడుగుల్లోంచి ఈ రకం నూనె దిగుతుంది, మందపాటి ప్లాస్టిక్ తొడుగులు నయం. బట్టలు మిగతా వాటితో కలపకుండా వేడి నీళ్లలో సర్ఫుతో ఉతకాలి. జీడి కట్టెను పొయ్యిలో పెట్టొద్దు. పొగతో పాటు సొన లేచి కళ్లకు, గొంతుకు, ఊపిరితిత్తులకు తగులుతుంది. మేడారం జాతరకు వెళ్లి చెట్ల కింద దిగేవాళ్లు వంటకు చేతికందిన కొమ్మ విరవకుండా, కట్టెలు కొనుక్కోవడమే మంచిది.

పసిపిల్లలకు దిష్టి తగలొద్దని జీడిగింజ కట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పిల్లలు దాన్ని నోట్లో పెట్టుకుంటారు, ఒళ్లంతా రాసుకుంటారు. గుమ్మానికి, పిల్లల చేయి అందని ఎత్తులో కట్టుకోండి, పిల్ల మెడలో, మొలతాడుకు మాత్రం వద్దు. అరికాళ్ల పగుళ్లకు, కీళ్ల నొప్పులకు జీడి సొన వేడి చేసి పెట్టడం కూడా కాలిన గాయాన్ని తెచ్చుకోవడమే. ఆయుర్వేదంలో జీడిని శుద్ధి చేశాకే మందుగా వాడతారు, ఆ పని ఇంట్లో చేసేది కాదు.

అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు

హనుమకొండ నుంచి, కరీంనగర్ నుంచి పిల్లల దగ్గరికి వెళ్లి వేసవంతా అక్కడుండే పెద్దలు ఎందరో. ఇంటి వెనక పెరడు కనబడితే వాళ్ల చేయి ఊరుకోదు, కలుపు పీకుతారు. పాయిజన్ ఐవీ అక్కడి పెరళ్ల అంచుల్లో, కంచెల మీద, చెట్ల మొదళ్ల దగ్గర పెరిగే తీగ. రెమ్మకు మూడేసి ఆకులు, నడిమి ఆకు కాడ పొడుగు, పక్క ఆకుల కాడలు పొట్టి. లేత ఆకులు ఎర్రగా మెరుస్తాయి, రాలే ముందు మళ్లీ ఎర్రబడతాయి. చెట్టుకు పాకిన ముదురు తీగ మీద గోధుమ రంగు వేర్లు వెంట్రుకల్లా కనబడతాయి. ఆకులన్నీ రాలిన చలికాలంలో కూడా ఆ తీగ అంతే ప్రమాదం. అయిదేసి ఆకులుండే తీగ వేరేది. పడమటి తీరంలో దీని బదులు పాయిజన్ ఓక్ అనేది ఉంటుంది, దానికీ సాధారణంగా మూడేసి ఆకులే. మన మోదుగకూ మూడాకులే కదా అని చేత్తో తుంచి చూడొద్దు.

జీడితోనో మామిడి సొనతోనో ఒకసారి దద్దుర్లు వచ్చినవాళ్లకు అక్కడ మొదటిసారి తగిలినా ఒకటి రెండు రోజుల్లోనే రావచ్చు. చేయవలసిందల్లా పైన చెప్పిన కడుగుడే. కుక్క పొదల్లో తిరిగొస్తే దాని వెంట్రుకలకు కూడా ఆ నూనె ఉంటుంది, తొడుగులు వేసుకుని సబ్బుతో కడగాలి. పీకిన తీగను తగలబెట్టొద్దు. ఒక శాతం హైడ్రోకార్టిజోన్ క్రీము, కాలమైన్ లోషన్ అక్కడ చీటీ లేకుండానే దొరుకుతాయి.

దూలగొండి

ఇది జీడికి పూర్తిగా వ్యతిరేకం. జీడి రోజుల తర్వాత బయటపడుతుంది, దూలగొండి క్షణాల్లో పట్టుకుంటుంది. వానాకాలంలో పొదలకు పాకే తీగ, మూడేసి ఆకులు, వంకాయ రంగు పూల గుత్తులు. చలికాలానికి కాయలు ముదిరి, ఎస్ ఆకారంలో వంగి, బంగారు రంగు నూగుతో నిండుతాయి. మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా గాలికి ఆ నూగు రాలుతుంటుంది. తునికాకు కోసేవాళ్లు, మేకలు కాసేవాళ్లు తీగను తాకకుండానే దాని బారిన పడేది అందుకే.

నూగులో మాంసకృత్తులను కోసే ఒక ఎంజైము ఉంటుంది. అది చర్మంలోని దురద నరాలను నేరుగా రేపుతుంది. మామూలు దద్దుర్లలో దురద తెచ్చే హిస్టమిన్ అనే రసాయనం ఇక్కడ పెద్ద పాత్ర పోషించదు. కాబట్టి ఆ హిస్టమిన్‌ను అడ్డుకునే సెట్రిజిన్ మాత్ర వేసుకున్నా దూల తగ్గలేదని కంగారు పడొద్దు. నూగు ఒంటి మీద నుంచి పోతేనే దూల పోతుంది.

ముందు గాలికి ఎదురుగా నిలబడకుండా పక్కకు రండి. తువ్వాలతో తుడవొద్దు, గోకొద్దు, రుద్దొద్దు. చొక్కా తల మీదుగా లాగకుండా గుండీలు విప్పి, నూగున్న వైపు లోపలికి వచ్చేట్టు చుట్టి తీసేయండి. తర్వాత వెడల్పాటి ప్యాకింగ్ టేపు ముక్క చర్మం మీద అతికించి, మెల్లగా ఒత్తి, ఒక్కసారిగా లేపండి. ప్రతిసారీ కొత్త ముక్క వాడాలి. వాడిన ముక్కనే మళ్లీ పెడితే తీసిన నూగు తిరిగి అంటుకుంటుంది. టేపు లేకపోతే గోధుమపిండిని చపాతీ ముద్ద కంటే కొంచెం జిగటగా కలిపి, ముద్దతో అద్దుతూ లేపాలి. ఊళ్లలో పేడ పూసి ఎండాక ఊడ్చేస్తారు. పేడకు మందు గుణం ఉండి కాదు, ఎండి రాలేటప్పుడు నూగును పట్టుకుపోతుంది కాబట్టి అది పనిచేసినట్టనిపిస్తుంది. పిండిముద్ద ఆ పనే చేస్తుంది, గోకిన గాయాల్లోకి ధనుర్వాతం క్రిములను మాత్రం తేదు.

నూగు లేపాకే నీళ్లు. చల్లటి నీళ్లు పై నుంచి ధారగా పోయాలి, చేయి పెట్టకుండా. తర్వాత సబ్బు నురగ, మళ్లీ ధార. విప్పిన బట్టలు దులపకుండా నేరుగా బకెట్లో ముంచండి. దులిపితే ఇంట్లోవాళ్లందరికీ పంచినట్టే. ఇట్లా చేస్తే గంట రెండు గంటల్లో దూల దిగుతుంది, కాలమైన్ రాసుకుంటే ఆ కాసేపు ఓర్చుకోవచ్చు. కంట్లో పడితే పావుగంట సేపు శుభ్రమైన నీళ్లు పోస్తూ రెప్పలు ఆర్పండి, నలపొద్దు. ఆ తర్వాత కూడా గుచ్చుకుంటున్నట్టుంటే కంటి డాక్టరే తీయాలి.

పాలు కారే చెట్లు, దురద కంద

ఆంజనేయస్వామికి జిల్లేడు పూలు కోసేటప్పుడు పాలు కంట్లో పడితే ఒక మోసం ఉంది: మొదట పెద్దగా నొప్పి ఉండదు, కొన్ని గంటల తర్వాత చూపు మసకబారుతుంది. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. ఇరవై నిమిషాలు నీళ్లతో కడిగి అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్లాలి. బొంతజెముడు పాలు కంట్లో పడితే వెంటనే మంట లేస్తుంది, దానికీ ఇదే పని. కంట్లో తల్లిపాలు, ఆముదం, తేనె పోయకండి.

కంద, చేమగడ్డలు తరిగితే చేతులు దురద పెట్టేది వాటిలోని సూదుల్లాంటి సన్నటి స్ఫటికాల వల్ల. వీటికి మాత్రం చింతపండు పులుసు, పుల్లటి మజ్జిగ రాస్తే ఉపశమనం ఉంటుంది. ఈ చిట్కా ఇక్కడ పనిచేసింది కదా అని జీడి పొక్కుల మీద చింతపండు పూస్తే మంట తప్ప ఏమీ మిగలదు.

పొక్కులు లేచాక ఇంటి వైద్యం

జీడి, మామిడి, ఐవీ దద్దుర్లు ఏ మందూ లేకుండా కూడా రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. ఇంట్లో చేసేదంతా ఆ రోజులను భరించడానికి, పుండు పడకుండా చూడడానికి. పొక్కులోని నీళ్లు తగిలితే పాకుతుందనేది నిజం కాదు, ఆ నీళ్లు మన ఒంటివే, వాటిలో సొన ఉండదు. తల్లి బిడ్డను ఎత్తుకోవచ్చు. నాలుగో రోజు కొత్త చోట పొక్కులు లేస్తే కారణం సాధారణంగా రెండు: చర్మం మందంగా ఉన్నచోట ఆలస్యంగా లేవడం, లేదా బట్టలకు, పనిముట్లకు మిగిలిన సొన మళ్లీ తగలడం. రెండోదాన్ని వెతికి పట్టుకోండి.

అన్నిటికంటే నమ్మదగింది తడిగుడ్డ. లీటరు నీళ్లు కాచి చల్లార్చి రెండు చిన్న చెంచాల ఉప్పు కలపండి. పాత నూలు గుడ్డ మడిచి ముంచి, నీళ్లు కారనంతగా పిండి, పొక్కుల మీద 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. గుడ్డ వెచ్చబడగానే మళ్లీ ముంచాలి. రోజుకు మూడు నాలుగుసార్లు. నీళ్లు కారే పొక్కులను ఇది ఆరబెడుతుంది, దురదను అణుస్తుంది. తీశాక గాలికి ఆరనిచ్చి కాలమైన్ లోషన్ పలచగా రాయండి. మందంగా పూస్తే పెచ్చు కట్టి, దాని కింద చీము చేరుతుంది. తడిగుడ్డ తీశాక తినే సోడా మూడు చెంచాలకు ఒక చెంచా నీళ్లు కలిపి, పగలని పొక్కుల మీద పెట్టి పది నిమిషాల్లో కడిగేసినా కొంత ఊరట. ఒళ్లంతా ఉంటే అరకప్పు ఓట్స్‌ను మిక్సీలో మెత్తటి పిండి చేసి, బకెట్ చల్లటి నీళ్లలో కలిపి ఒంటి మీద పోసుకుని, రుద్దకుండా అద్ది తుడవండి.

వేపాకు ఉడికించి చల్లార్చి వడగట్టిన నీళ్లు తడిగుడ్డకు వాడుకోవచ్చు. పచ్చి వేపాకు ముద్ద పగిలిన పొక్కు మీద వద్దు. పసుపు కూడా పగిలిన చర్మం మీద వద్దు, కొందరికి పసుపే పడదు, పైగా ఎర్రదనం కప్పేసి చీము పట్టిందో లేదో కనబడనీయదు. కలబంద వాడేవాళ్లు మట్ట కోసి పది నిమిషాలు నిలబెట్టి పసుపుపచ్చ సొన కారిపోయాక, లోపలి తెల్లటి గుజ్జు మాత్రం తీసుకోవాలి. ఆ సొనే దురద తెస్తుంది. కొబ్బరినూనె మొదటి రోజు రాసి వదిలేస్తే చర్మం మీద మిగిలిన సొనను అది ఇంకా వెడల్పుగా పరుస్తుంది. పది రోజుల తర్వాత పొక్కులు ఎండి చర్మం పొట్టు లేచేటప్పుడు దానికంత మంచిది ఇంకోటి లేదు.

సున్నం, వెల్లుల్లి ముద్ద, కిరోసిన్, పెట్రోలు, నీళ్లు కలపని యాంటీసెప్టిక్ ద్రావణం, ఇవి పొక్కు మీద మరో కాలిన గాయాన్ని చేస్తాయి. నిమ్మరసం సంగతి చాలామందికి తెలియదు: రాసుకుని ఎండలోకి వెళ్తే ఎండకు అది చర్మాన్ని కాల్చి, నెలల తరబడి పోని నల్లమచ్చ వేస్తుంది. బాగా వేడి నీళ్లు పోసుకుంటే ఆ నిమిషానికి దురద తీరినట్టుంటుంది, తర్వాత ఇంకా ఎక్కువ కావచ్చు.

పొక్కులు సూదితో గుచ్చొద్దు. పగిలితే తోలు పీకకుండా, ఉప్పునీళ్లతో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టండి. పిల్లల గోళ్లు కత్తిరించి, రాత్రి చేతులకు నూలు సాక్సు తొడిగితే గోకిన పుండ్లు పడవు.

మందుల షాపుకు వెళ్లే ముందు

షాపులో అడగ్గానే చేతిలో పెట్టే ‘తామర ట్యూబు’లో సాధారణంగా బలమైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపి ఉంటాయి. మీకు కావలసింది అది కాదు. 2018లో చర్మానికి రాసే స్టెరాయిడ్లను చీటీ మీదే అమ్మాలని కేంద్రం నిబంధన తెచ్చింది, దానికి కారణం ఈ ట్యూబులు చేసిన నష్టమే. ముఖానికి, తొడల సందులకు రాస్తే చర్మం పలచబడుతుంది, మొటిమలు, చారలు వస్తాయి. ముఖానికి డాక్టరు ఒకశాతం హైడ్రోకార్టిజోన్ లాంటి తేలికది రాస్తారు, ఒంటికి కొంచెం బలమైనది, అదీ కొన్ని రోజులకే. కొలత: ట్యూబు నుంచి చూపుడువేలి చివరి గణుపు పొడుగున తీసిన క్రీము రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది.

సెట్రిజిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర పెద్దవాళ్లకు రాత్రి ఒకటి. జీడి పొక్కుల దురదను అది పెద్దగా తగ్గించదు, కాస్త నిద్ర పట్టిస్తుంది. మత్తు ఉంటుంది కాబట్టి ట్రాక్టరు, బండి నడపొద్దు.

ఊళ్లో ఆర్‌ఎంపీ వేసే ఒక్క సూది గురించి గట్టిగా చెప్పాలి. అది చాలాసార్లు స్టెరాయిడే. మొదట పొక్కులు తగ్గినట్టే తగ్గి, కొన్ని రోజులకు మళ్లీ లేవవచ్చు, ఎందుకంటే సొన లేపిన అలర్జీ రెండు మూడు వారాలు నడుస్తుంది, సూది పనితనం చాలాసార్లు అంతకాలం ఉండదు. నిజంగా స్టెరాయిడ్ మాత్రలు అవసరమైతే చర్మవైద్యులు రెండు మూడు వారాలు, మెల్లగా తగ్గిస్తూ ఇస్తారు. షుగరు, బీపీ ఉన్నవాళ్లకు ఈ మందులతో రెండూ పెరుగుతాయి, డాక్టరుకు ముందే చెప్పాలి.

ముఖం ఉబ్బి కళ్లు మూసుకుపోయినా, మర్మాంగాల మీద వచ్చినా, ఒంట్లో నాలుగోవంతుకు మించి పాకినా, జ్వరం వచ్చినా, చీము పట్టి ఎర్రటి గీత పైకి పాకినా ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి వెళ్లండి. పొగ పీల్చాక ఆయాసం వస్తే, నాలుక, గొంతు వాస్తే 108కి ఫోన్ చేయండి.

చెట్టు తగిలిందనుకున్నవి కొన్ని అసలు చెట్టువే కావు. నడుముకో ఛాతీకో ఒక్క పక్కనే, నడిమి గీత దాటకుండా నొప్పితో పొక్కులు వరుసకడితే అది అక్కి. దానికి జేగురు రాయించుకుంటూ కూర్చోవద్దు. మొదటి 72 గంటల్లో వైరస్‌ను అణిచే మాత్రలు మొదలుపెడితే తర్వాత ఫలితం చాలా మెరుగ్గా ఉంటుంది. వానాకాలంలో పొద్దున లేవగానే మెడ మీద గీత గీసినట్టు కాలిన మచ్చ కనబడితే, రాత్రి లైటు కిందికి వచ్చే నలుపు నారింజ పట్టీల సన్న పురుగును నలిపినట్టు. సబ్బుతో కడిగి తడిగుడ్డ వేస్తే చాలు. వేళ్ల సందుల్లో దురద రాత్రిళ్లు ఎక్కువై ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉంటే గజ్జి.

కాంగ్రెస్ గడ్డి

వయ్యారిభామ అన్నా ఇదే. 1955లో పుణెలో దీన్ని గుర్తించారు, ఇప్పుడు లేని రోడ్డు పక్క లేదు. దీనిది ఒక్కరోజు తగులుడు కాదు. ఏళ్ల తరబడి కలుపు తీసినా ఏమీ కానివాళ్లకు ఒక సంవత్సరం హఠాత్తుగా మొదలవుతుంది, ఆ తర్వాత వదలదు. ఎండిన ఆకుల పొడి, పూల మీది సన్నటి నూగు గాలిలో లేచి ముఖం, మెడ, మోచేతి మడతలు, మోకాలి వెనక పడుతుంది. చర్మం ఎర్రబడి, నల్లబడి, తోలులా మందమవుతుంది. ‘ఎండ పడడం లేదు’ అని ఏళ్లు గడిపేవాళ్లున్నారు. తేడా కనిపెట్టేది ఇట్లా: ఎండ వల్లనైతే గడ్డం కింద, చెవుల వెనక, పై రెప్పల మీద అంతగా ఉండదు, గాలిలో పొడి వల్లనైతే అక్కడ కూడా ఉంటుంది.

పత్తి ఏరేటప్పుడు, బతుకమ్మకు గునుగు, తంగేడు కోసుకురావడానికి వెళ్లేటప్పుడు ఈ గడ్డి నడుమెత్తు ఉంటుంది. పడనివాళ్లు నిండు చేతుల చొక్కా, తలకు మెడకు చుట్టిన నూలు రుమాలు వేసుకోవాలి. రాగానే స్నానం చేసి బట్టలు మార్చాలి. ఆ బట్టలు మంచం మీద పడేయొద్దు, ఉతికినవి గడ్డి ఉన్న వైపు ఆరేయొద్దు.

పీకడానికి సరైన సమయం వాన పడ్డ రెండో రోజు, పూత రాకముందు. నేల మెత్తగా ఉంటుంది కాబట్టి వేరుతో సహా వస్తుంది. పూత వచ్చాక పీకితే ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. పడనివాళ్లు ఈ పనికి వెళ్లొద్దు, మిగతావాళ్లు తొడుగులు, మూతికి గుడ్డ కట్టుకోవాలి. పూత లేని మొక్కలు కంపోస్టు గుంతలో వేయవచ్చు, ఎండిన దాన్ని ఊడ్చి కాల్చొద్దు. ఇంటి చుట్టూ ఖాళీ జాగాలో అయితే లీటరు నీళ్లకు 200 గ్రాముల ఉప్పు చొప్పున, పది లీటర్ల డబ్బాకు రెండు కిలోలు కలిపి, ఎండ బాగా ఉన్నరోజు ఆకులు తడిసేట్టు పిచికారీ చేయాలి. సాగు భూమిలో, బావి దగ్గర ఇది చేయకూడదు, నేల చవుడు పడుతుంది. పంపును వెంటనే మంచినీళ్లతో కడగకపోతే తుప్పు పడుతుంది.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే చర్మవైద్యుల దగ్గర ప్యాచ్ పరీక్ష చేయించుకోండి. వీపు మీద అనుమానం ఉన్న పదార్థాల పట్టీలు అంటించి రెండు రోజులుంచి, తీసిన రోజు ఒకసారి, ఆ తర్వాత మరో రెండు రోజులకు ఒకసారి చూస్తారు. ఆ నాలుగు రోజులు వీపు తడవకూడదు, చెమట పట్టే పని చేయకూడదు, స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, లేకపోతే పరీక్ష తప్పు చూపిస్తుంది. కాబట్టి ఎండాకాలంలోనో, నాట్ల పనుల మధ్యలోనో కాకుండా చలికాలంలో పెట్టించుకోండి.